మామయ్యకి కడుపు క్యాన్సర్ అని తేలింది. ఆవకాయ వల్లేనంటారా? ఇంట్లో మిగతావాళ్ళం ఏం చూసుకోవాలి?

మల్కాజిగిరి మాధవి | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా మేనమామకి 58 ఏళ్ళు, బస్సు డిపోలో మెకానిక్. చాలా రోజులుగా "గ్యాస్" అంటూనే ఉన్నారు. సందు చివర మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని పరగడుపున వేసుకోవడం, డ్యూటీకి పోవడం. ఈమధ్య అన్నం సగం తినేసరికే కడుపు నిండిపోయిందని చెయ్యి కడిగేసుకునేవారు. ప్యాంటు వదులైతే షుగరేమో అనుకున్నాం. చివరికి హిమోగ్లోబిన్ 7కి పడిపోయిందని తెలిశాక ఎండోస్కోపీ చేశారు. పుండు కనిపిస్తే ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సర్ అని వచ్చింది.

ఇప్పుడు ఇంట్లో ఒకటే గోల. ఆవకాయ వల్లే అని అత్తయ్య జాడీ మొత్తం పనమ్మాయికి ఇచ్చేసింది. మామయ్య మందు ముట్టరు కానీ సిగరెట్లు కాల్చేవారు. మా అమ్మ ఆయన సొంత అక్క, ఆవిడకీ ఎప్పుడూ కడుపులో మంటే. నాకు తెలియాల్సింది రెండు: ఇది దేనివల్ల వస్తుంది? అమ్మ, మా బావ, మరదలు ఇప్పుడు ఏం చెయ్యాలి?

సికింద్రాబాద్ శీను | రాత్రి 9:58

బాధగా ఉంది మేడమ్. బయట తిండే అన్నిటికీ కారణం. అజినొమోటో, మిర్చి బజ్జీ, మరిగిన నూనె. మా ఆఫీసు దగ్గర చైనీస్ బండి చూస్తే మీకే అర్థమవుతుంది. మసాలాలు మానేస్తే సగం జబ్బులు రావు.

నల్లకుంట నళిని | రాత్రి 10:05

జాడీ పనమ్మాయికి ఇచ్చారా! విషమనుకుంటే ఆ పిల్లకి మాత్రం కడుపు లేదా?

వార్డు పీజీ | రాత్రి 11:20

మాధవి గారూ, నేను నగరంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో గ్యాస్ట్రో, అంటే కడుపు, పేగుల వైద్యం, చదువుతున్నాను. మామయ్య గారి రిపోర్టు చూడకుండా ఆయన సంగతి చెప్పలేను, జబ్బు గురించి చెబుతాను.

ముందు ఆవకాయని కాసేపు పక్కన పెట్టండి. కడుపు క్యాన్సర్‌కి అన్నిటికన్నా పెద్ద కారణం ఒక బాక్టీరియా, పేరు హెలికోబ్యాక్టర్ పైలోరి. వార్డులో మేం హెచ్ పైలోరి అంటాం. కడుపులో అంత ఆమ్లం ఉంటే ఏ క్రిమీ బతకదని ఒకప్పుడు పుస్తకాల్లోనే రాసేవారు. ఇదేమో యూరియేజ్ అనే ఎంజైమ్‌తో యూరియాని అమ్మోనియాగా మార్చి, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేసుకుని జిగురు పొరలో కాపురం పెడుతుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ దీన్ని బయటపెట్టారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి కడుపు వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటిలో చేర్చింది.

ఇది ఎక్కువగా చిన్నతనంలోనే అంటుకుంటుంది. ఇరుకు ఇళ్ళు, శుభ్రం లేని నీళ్ళు, ఇంట్లో పెద్దల నుంచి పిల్లలకి. అంటుకున్నాక మందులు వాడకపోతే దాదాపు జీవితాంతం ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి వాపు ఉండి లోపలి పొర పలచబడుతుంది, తర్వాత అక్కడి కణాలు పేగు కణాల్లా మారతాయి, వాటిలో కొన్ని చెడతాయి, ఆ తర్వాత క్యాన్సర్. ఈ వరస నడవడానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే నిన్న తిన్న నూడుల్స్ మీద నేరం మోపడం కుదరదు. శీను గారూ, అజినొమోటోకి కడుపు క్యాన్సర్‌తో సంబంధం ఉందని రుజువు లేదు. బండి నూనె మానడం మంచిదే, కానీ అది గుండె కోసం.

ప్రశ్నల పుల్లయ్య | రాత్రి 11:41

డాక్టర్ గారూ, ఈ క్రిమి మన దేశంలో సగం మందికి పైగా ఉందని చదివాను. మరి సగం దేశానికి క్యాన్సర్ రావాలి కదా? రావట్లేదంటే మీ లెక్కలో ఏదో తేడా ఉంది.

చిక్కడపల్లి పచ్చళ్ళు | ఆదివారం ఉదయం 6:30

మా నాన్నగారి కాలం నుంచి పచ్చళ్ళ వ్యాపారం మాది. ఇలాంటి మాటలు వచ్చినప్పుడల్లా మా కొట్టుకి ఫోన్లు వస్తాయి కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఆవకాయలో విషం లేదు, ఉప్పు మాత్రం ఉంది. ఆరు గిన్నెల ముక్కలకి గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ఇంచుమించు గిన్నె ఉప్పు పడుతుంది. తగ్గిస్తే మూడో నెలకే పైన తెల్లగా బూజు తేలుతుంది, కస్టమర్ జాడీ తెచ్చి మా మొహాన పెడతాడు. ఒక పెద్ద చెంచా గుజ్జు వేసుకుంటే గ్రాము పైనే ఉప్పు లోపలికి పోయినట్టు.

ఆవకాయనే అంటారు గానీ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు మాటేమిటి? పప్పన్నంలో అవన్నీ కలిపి తింటాం. పైగా మజ్జిగన్నంలో మళ్ళీ ఉప్పు. మా అమ్మ ఉప్పు డబ్బా పక్కన లేకుండా పీట మీద కూర్చునేది కాదు.

వార్డు పీజీ | ఆదివారం మధ్యాహ్నం 2:15

డ్యూటీ దిగి రాస్తున్నాను. పచ్చళ్ళ అన్నగారు నిజాయితీగా చెప్పారు, థాంక్స్.

ఉప్పు ఎక్కువైతే కడుపు లోపలి జిగురు పొర దెబ్బతింటుంది, క్రిమి పని తేలికవుతుంది. రోజుకి మొత్తం 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్ళలో అది సాంబారు, కూర దగ్గరే అయిపోతుంది. అలాగని ఆవకాయ తింటే క్యాన్సర్ వస్తుందని ఎవరూ తేల్చలేదు. ఊరగాయలు చెడ్డవని చెప్పే అధ్యయనాలు ఎక్కువగా చైనా, జపాన్, కొరియాల్లో ఉప్పునీళ్ళలో ఊరబెట్టే కూరగాయల మీద జరిగినవి. మన ఆవకాయ నూనెలో ఊరేది. వారానికి రెండు మూడుసార్లు చెంచాడు తింటే నేనైతే ఏమీ అనను. పచ్చడితోనే పూట గడిపేవాళ్ళనీ, రోజూ ఎండుచేపలు తినేవాళ్ళనీ మాత్రం తగ్గించమంటాను.

పొగబెట్టిన మాంసం, నైట్రైట్ కలిపి నిల్వచేసే సాసేజ్, సలామీ లాంటివీ ఇదే వరసలోకి వస్తాయి. అమెరికాలో 1930లలో క్యాన్సర్ చావుల్లో కడుపు క్యాన్సర్ ముందు వరసలో ఉండేది. ఇళ్ళలోకి ఫ్రిజ్‌లు వచ్చి ఉప్పు మీదా పొగ మీదా ఆధారపడటం తగ్గింది, తాజా కూరలు, పళ్ళు పెరిగాయి. ప్రత్యేకంగా ఏ వైద్యమూ లేకుండానే కేసులు పడిపోయాయి.

పుల్లయ్య గారి ప్రశ్న మంచిది. క్రిమి ఉన్న వందమందిలో ఒకరి నుంచి ముగ్గురి వరకే క్యాన్సర్ వస్తుంది. క్రిమి రకం, ఒంటి తీరు, ఉప్పు, పొగ, అన్నీ కలవాలి. మన దేశంలో క్రిమి ఇంత ఎక్కువగా ఉన్నా క్యాన్సర్ జపాన్, కొరియాలంత లేదు, దాని మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. అయితే దేశమంతా ఒకటి కాదు. మిజోరంలో ఇది చాలా ఎక్కువ. పొగబెట్టిన మాంసం, పొగాకు పొగని నీళ్ళలోకి పట్టి తయారుచేసే తుయిబుర్ అనే ద్రవం అక్కడి అలవాట్లు. ఉత్తరాది కన్నా చెన్నై, బెంగళూరు వైపు ఎక్కువే కనిపిస్తుంది. మరోవైపు నుంచి చూస్తే, 2001లో జపాన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో 1,526 మందిని సుమారు ఎనిమిదేళ్ళు గమనించారు. క్రిమి ఉన్నవాళ్ళలో 36 మందికి కడుపు క్యాన్సర్ వచ్చింది. లేనివాళ్ళు 280 మంది, వాళ్ళలో ఒక్కరికీ రాలేదు.

సిగరెట్ మాత్రం కచ్చితంగా కారణమే. మందు కూడా, రోజూ ఎక్కువగా తాగేవాళ్ళకి.

టోక్యో తెలుగోడు | ఆదివారం సాయంత్రం 4:02

మాది ఈసీఐఎల్, ఉద్యోగం జపాన్‌లో. ఇక్కడ కంపెనీ హెల్త్ చెకప్‌లో కడుపుకి ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉంటుంది. బేరియం అనే తెల్లటి చిక్కటి ద్రవం తాగించి, బల్ల మీద పడుకోబెట్టి, బల్లనే అటూ ఇటూ తిప్పుతూ ఎక్స్‌రేలు తీస్తారు. తేన్పు వస్తే మింగెయ్యాలి, లేకపోతే మళ్ళీ మొదటికి. దేశమంతా ఈ స్క్రీనింగ్ 1983 నుంచి ఉందట. 2016 నుంచి 50 దాటినవాళ్ళకి రెండేళ్ళకోసారి ఎండోస్కోపీ కూడా చేర్చారు. కొరియాలో 40 నుంచే. మా టీమ్‌లో ఒకాయనకి ఏ బాధా లేకుండానే చిన్న మచ్చ దొరికింది. ఎండోస్కోపీతోనే పై పొర చెక్కి తీసేశారు, కోత లేదు, కీమో లేదు. ఇండియాలో ఇలాంటి పథకం ఎందుకు పెట్టరో!

ప్రశ్నల పుల్లయ్య | సాయంత్రం 4:30

ఎందుకంటే అక్కడ కేసులు ఎక్కువ, ఇక్కడ తక్కువ. 140 కోట్ల మందికి గొట్టం వెయ్యడానికి డాక్టర్లేరీ? ఉన్న ఎండోస్కోపీలు అవసరమైనవాళ్ళకి దొరికితే చాలు.

కోఠి కౌంటర్ | ఆదివారం రాత్రి 8:45

మెడికల్ షాపు వైపు నుంచి నాదొక మాట. పొద్దున షట్టర్ ఎత్తగానే వచ్చే మొదటి పది మందిలో నలుగురు గ్యాస్ మాత్రకే వస్తారు. "ఒమెజ్ ఒక షీటు", "పాన్ డీ ఇయ్యి భాయ్". చీటీ ఉండదు. నిజానికి ఇవి డాక్టర్ రాస్తేనే ఇవ్వాల్సిన మందులు. అడిగితే "ఎన్నేళ్ళ నుంచి వాడుతున్నామో నీకేం తెలుసు" అని మమ్మల్నే కసురుతారు, ఇవ్వకపోతే పక్క షాపుకి పోతారు.

ఈ మాత్ర మంచి మందే. వచ్చిన చిక్కల్లా అది బాగా పనిచేయడంతోనే. పుండైనా గడ్డైనా మొదట్లో మంట తగ్గిపోతుంది, మనిషి నాకేం లేదనుకుంటాడు. మాధవి గారి మామయ్యలాంటి వాళ్ళని మా కౌంటర్ దగ్గర రోజూ చూస్తాను. బెల్టుకి కొత్త బెజ్జం పడి ఉంటుంది, నోట్లోంచి వచ్చే మాట మాత్రం "గ్యాసే".

రానిటిడిన్ అనే గ్యాస్ మాత్ర సంగతి కూడా కొందరు అడుగుతుంటారు. అందులో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారకం చేరుతోందని 2020లో అమెరికా మార్కెట్ నుంచి తీయించింది. మన దగ్గర 2022లో అత్యవసర మందుల జాబితా నుంచి తప్పించారు. వాడినవాళ్ళందరికీ క్యాన్సర్ వస్తుందని కాదు, ఊరికే భయపడకండి.

ఆటో సత్తి | ఆదివారం రాత్రి 10:10

డాక్టర్ సాబ్, నాకు 44. పొద్దున చాయ్, బిస్కెట్ మీద బండి తీస్తా, అన్నం తినేసరికి మూడైతది. గుట్కా బంద్ చేసిన, సిగరెట్ ఉంది. ఛాతీల మంట, పుల్లటి తేన్పులు. ఈ ముచ్చట్లు చదివితే టెన్షన్ అయితుంది. నేను కూడ గొట్టం ఏపిచ్చుకోవాల్నా?

వార్డు పీజీ | ఆదివారం రాత్రి 11:05

సత్తి అన్నా, మంట ఉన్న ప్రతివాళ్ళకీ క్యాన్సర్ ఉండదు. నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా ఉండదు. నేను అడిగే ప్రశ్నలు ఇవి: ప్రయత్నం చేయకుండానే బరువు తగ్గారా? నాలుగు ముద్దలకే కడుపు నిండుతోందా? మింగుతుంటే అడ్డం పడుతోందా? వాంతులు ఆగకుండా అవుతున్నాయా? మలం తారులా నల్లగా, జిగటగా వస్తోందా? రక్తం తగ్గిందని ఎవరైనా చెప్పారా? ఇందులో ఏ ఒక్కటి ఉన్నా మాత్రలు కాదు, ఎండోస్కోపీ కావాలి, వయసుతో పని లేదు. ఐరన్ మాత్రలు వేసుకున్నా మలం నల్లగా వస్తుంది, అది వేరే సంగతి, డాక్టర్‌కి ముందే చెప్పండి.

ఇవేమీ లేకపోయినా, నలభై దాటాక కొత్తగా మొదలైన అజీర్తి నెల రోజులు మందు వాడినా తగ్గకపోతే, లేదా మాత్ర మానగానే మళ్ళీ మొదలైతే, ఒకసారి చూపించుకోవాలి. గుట్కా మానడం గొప్ప పని, నోరు, అన్నవాహిక దక్కుతాయి. కడుపు దక్కాలంటే సిగరెట్ కూడా మానాలి.

ఆటో సత్తి | రాత్రి 11:12

అవేం లేవు సార్. బరువైతే పెరిగిన.

నిర్వాహకుడు | సోమవారం ఉదయం 8:00

"ఆల్కలైన్ నీళ్ళతో క్యాన్సర్ మాయం" అని వచ్చిన వాట్సాప్ ఫార్వర్డు ఒకటి తీసేశాను. మళ్ళీ పెడితే ఖాతా ఆపేస్తాం.

నల్లకుంట నళిని | సోమవారం ఉదయం 8:20

మరి వెల్లుల్లి? మా ఇంట్లో రోజూ పరగడుపున రెండు రెబ్బలు మింగిస్తారు.

వార్డు పీజీ | సోమవారం ఉదయం 9:10

చైనాలో షాన్‌డాంగ్ దగ్గర లింకూ అనే జిల్లాలో 1995లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. కొందరికి రెండు వారాలు క్రిమికి మందు, కొందరికి ఏళ్ళ తరబడి వెల్లుల్లి, కొందరికి విటమిన్లు ఇచ్చి, మొత్తం 22 ఏళ్ళు చూశారు. క్రిమి మందు తీసుకున్నవాళ్ళలో క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గింది. వెల్లుల్లి గుంపులో చావులు తగ్గాయి గానీ, అవి శుద్ధిచేసిన సారం మాత్రలు. మీరు వేసుకునే రెండు రెబ్బల వల్ల నష్టం లేదు, మందనుకోకండి.

మాధవి గారికి పనికొచ్చేది కొరియా అధ్యయనం, 2020లో వచ్చింది. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో, పిల్లలకో కడుపు క్యాన్సర్ ఉండి, తమలో క్రిమి ఉన్న 1,676 మందిని తీసుకున్నారు. మందు ఇచ్చినవాళ్ళలో 1.2 శాతం మందికీ, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళలో 2.7 శాతం మందికీ క్యాన్సర్ వచ్చింది. కాబట్టి అమ్మగారికీ, బావకీ, మరదలికీ క్రిమి పరీక్ష చేయించండి. అమ్మగారికి వయసు, మంట రెండూ ఉన్నాయి కాబట్టి ఎండోస్కోపీతోనే మొదలుపెట్టడం మంచిది. మీరు మేనకోడలు, మీకు లక్షణాలు లేకపోతే తొందర లేదు. చిన్నపిల్లలకి ఊరికే చేయించకండి.

మామూలు జనమందరికీ పరీక్ష చేసి యాంటీబయాటిక్స్ ఇవ్వమని మాత్రం నేను చెప్పను. మన దగ్గర మెట్రోనిడజోల్‌కి ఈ క్రిమి ఇప్పటికే చాలావరకు లొంగడం లేదు, క్లారిత్రోమైసిన్ కూడా ఆ దారిలోనే ఉంది.

ఇంకొకటి. యాభై లోపే ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి వస్తే సీడీహెచ్1 అనే జన్యువులో లోపం వంశంలో ఉందేమో అడగాలి. మీ ఇంట్లో అలా కనిపించడం లేదు.

పాత ల్యాబ్ మనిషి | సోమవారం మధ్యాహ్నం 12:40

రిటైరయ్యే దాకా ల్యాబ్‌లోనే పనిచేశాను. పరీక్ష సంగతి నేను చెప్తాను.

ప్యాకేజీల్లో కలిపి అమ్మే రక్త పరీక్ష వద్దు. అది యాంటీబాడీలని, అంటే క్రిమి మీదికి మన ఒళ్ళు తయారుచేసుకున్న వాటిని చూస్తుంది. క్రిమి ఎప్పుడో పోయినా పాజిటివ్ అనే చూపిస్తుంది. శ్వాస పరీక్ష గానీ, మల పరీక్షలో యాంటిజెన్ (క్రిమి తాలూకు పదార్థం) గానీ అడగండి. శ్వాస పరీక్షలో యూరియా ఉన్న బిళ్ళో, ద్రవమో ఇస్తారు. డాక్టర్ బాబు చెప్పిన ఆ యూరియేజ్ ఉంటే యూరియా విరిగి, అందులో ముందే గుర్తు వేసి ఉంచిన కార్బన్ ఊపిరిలో బయటికి వస్తుంది. సంచీలోకో గొట్టంలోకో ఊదితే సరిపోతుంది. గర్భిణులైతే కార్బన్ 13 రకం అడగాలి, 14లో కొద్దిగా రేడియేషన్ ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పరీక్షకి రెండు వారాల ముందు నుంచి ఒమెజ్, పాన్ రకం మాత్రలు ఆపాలి. యాంటీబయాటిక్స్ అయితే నాలుగు వారాలు. ఆపకపోతే క్రిమి ఉన్నా లేదనే వస్తుంది. బల్ల దగ్గర కూర్చున్నాక "పొద్దునే వేసుకున్నానండీ, అది గ్యాస్ మాత్రే కదా, మందు కాదు కదా" అనేవారు. వెనక్కి పంపిస్తే తిట్లు. అయితే ఎవరైనా రక్తస్రావం అయ్యో, పుండు ఉండో మాత్ర వాడుతుంటే సొంతంగా ఆపకండి, డాక్టర్ని అడగండి.

ఉప్పల్ టీచరమ్మ | సోమవారం సాయంత్రం 6:15

ఎండోస్కోపీ అంటే మాధవి అమ్మగారు భయపడుతుంటే ఇది చదివి వినిపించండి. ముందు రోజు రాత్రి తిన్నాక మళ్ళీ ఏమీ తినకూడదు. గొంతులో స్ప్రే కొడతారు, చేదుగా ఉండి నాలుక మొద్దుబారుతుంది, ఉమ్ము మింగుతున్నామో లేదో కూడా తెలియదు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెడతారు. గొంతు దాటేటప్పుడు ఓకారం వస్తుంది, అదొక్కటే కష్టం. ముక్క తీసినప్పుడు నొప్పి అసలు తెలియదు. ఐదు పది నిమిషాల్లో అయిపోతుంది. మరీ భయమైతే మత్తు ఇస్తారు, అప్పుడు తోడు మనిషి ఉండాలి. తిమ్మిరి పోయేదాకా నీళ్ళు కూడా తాగకూడదు. నేను ఆగలేక తాగితే పొలమారింది.

ఖర్చు మాటకొస్తే, మామయ్యకి ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో చూడండి. 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలు చేశారు. రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి. ఎంఎన్‌జేకి వెళ్తే పొద్దున్నే వెళ్ళండి. పాత రిపోర్టులన్నీ, ముఖ్యంగా ముక్క పరీక్షకి పంపిన స్లైడులూ బ్లాకులూ వెంట పెట్టుకోండి. లేకపోతే మళ్ళీ తీయాల్సి రావచ్చు.

మల్కాజిగిరి మాధవి | నెల రోజుల తర్వాత, గురువారం రాత్రి 9:25

అందరికీ చాలా చాలా థాంక్స్. మామయ్యకి కాలేయానికి పాకలేదని స్కాన్‌లో వచ్చింది. ముందు కొన్ని విడతలు కీమో ఇచ్చి, తర్వాత ఆపరేషన్, మళ్ళీ కీమో అన్నారు. మొదటి విడత అయింది, నీరసంగా ఉన్నారు. సిగరెట్ మానేశారు. కాస్త కాస్తగా రోజుకి ఆరుసార్లు తినిపిస్తున్నారు.

అమ్మకి ఎండోస్కోపీలో గడ్డలేమీ లేవు. వాపు ఉంది, క్రిమి పాజిటివ్. 14 రోజుల మందు ఇచ్చారు, నాలుగు రకాలు కలిపి. నోరంతా ఇనుము నాకినట్టు ఉందని కాఫీ కూడా వద్దంటోంది. నాలుక నల్లగా అయిందని నిన్న ఏడ్చింది. బావకి నెగెటివ్, మరదలు ఇంకా చేయించుకోలేదు. అత్తయ్య మాత్రం కారం తగ్గించి ఉప్పు అలాగే వేస్తోంది, ఎంత చెప్పినా వినదు.

మందుల కోర్సు అయ్యాక అమ్మకి మళ్ళీ పరీక్ష అవసరమా? లక్షణాలు తగ్గితే చాలదా?

వార్డు పీజీ | రాత్రి 10:50

చాలదు. మంట తగ్గడం వేరు, క్రిమి పోవడం వేరు. మళ్ళీ పరీక్ష చేయించాల్సిందే. నాలుక నల్లబడటం ఆ నాలుగు మందుల్లో ఉండే బిస్మత్ వల్ల, మలం కూడా నల్లగా వస్తుంది, కోర్సు అయ్యాక పోతుంది. మధ్యలో మాత్రం ఆపనివ్వకండి, సగం వాడితే మిగిలిన క్రిమి మొండికేస్తుంది. మరదల్ని త్వరగా చేయించుకోమనండి.

పాత ల్యాబ్ మనిషి | శుక్రవారం ఉదయం 7:05

కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి శ్వాస పరీక్షకి తీసుకెళ్ళండమ్మా. అందులో చివరి రెండు వారాలు ఒమెజ్ ఉండకూడదు. మంట వస్తే జెలుసిల్ లాంటి తెల్ల మందు తాగొచ్చు, పరీక్ష రోజు పొద్దున మాత్రం అదీ వద్దు. పరగడుపున వెళ్ళాలి, టీ కూడా తాగకుండా. లోపలికి పిలిచే ముందు ఒమెజ్ వేసుకోలేదు కదా అని అమ్మగారిని ఇంకోసారి అడగండి.